హైదరాబాద్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో ఎన్ని కిలోమీటర్లు? ఒక్కో చోట ఒక్కో లెక్క వస్తోంది

సరూర్‌నగర్_సతీష్:
అందరికీ నమస్తే. మా తమ్ముడు శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఫ్రీమాంట్‌ల ఉంటడు, పోయిన వారమే సెలవు అయిపోయి దుబాయ్ మీదుగా వాపస్ పోయిండు. అప్పటి సంది మా అమ్మ ఒకటే అడుగుడు, "వాడు ఎంత దూరంల ఉన్నడ్రా" అని. సరే చూసి చెప్తా అని ఫోన్ పట్టుకున్న, అక్కడ మొదలైంది తలనొప్పి. ఒక సైట్‌ల 8,413 అని ఉంది, ఇంకో దాంట్ల 7,311 అని ఉంది, ఇంకో దాంట్ల 13,540. 7,311 మైళ్లు కదా అని 1.609తో గుణిస్తే 11,763 వచ్చింది. తమ్ముడేమో దుబాయ్‌ల ఎక్కంగనే సీటు ముందు స్క్రీన్ ఫోటో పంపిండు, దాంట్ల 13,600 చిల్లర ఉంది, అది దుబాయ్ నుంచే! గోడ మీద మ్యాప్‌కి స్కేల్ పెట్టి చూస్తే మొత్తం వేరే కథ. అసలు అమ్మకి ఏ నంబర్ చెప్పాలె?

కోనసీమ_కుర్రోడు:
సతీష్ అన్నా, ఆ మూడూ ఒకటే దూరం అండీ బాబూ 😀 8,413 అంటే మన రోడ్డు మైలు, 7,311 అంటే నాటికల్ మైలు (ఓడలకి, విమానాలకి వాడే మైలు), 13,540 కిలోమీటర్లు. నాటికల్ మైలు అంటే 1.852 కి.మీ., మీరేమో దాన్ని 1.609తో కొట్టేశారు, అందుకే దాదాపు పద్దెనిమిది వందల కిలోమీటర్లు ఎక్కడో గాల్లో కలిసిపోయాయి. 7,311 ఇంటూ 1.852 చేసి చూడండి.

సరూర్‌నగర్_సతీష్:
13,539.97. అరె! అంటే నేను రాత్రంతా కొట్లాడింది నాతోనే అన్నమాట. మరి గోడ మ్యాప్ సంగతి?

బబ్లూ_99:
బ్రో నేను గోడ మ్యాప్ స్టైల్‌లోనే ఎక్సెల్‌లో వేశా, అక్షాంశాల తేడా, రేఖాంశాల తేడా తీసుకుని పైథాగరస్ వాడి ఒక్కో డిగ్రీకి 111 కి.మీ. చొప్పున వేస్తే 22,404 వచ్చింది. నాదే ఫైనల్.

లెక్కల_రావు:
బబ్లూ, భూమి చుట్టుకొలతే 40 వేల చిల్లర కిలోమీటర్లు. అంటే భూమ్మీద ఏ రెండు ఊళ్ల మధ్యైనా దగ్గర దారి 20 వేల చిల్లరకి మించదు, ఎందుకంటే అంతకన్నా ఎక్కువైతే అటు తిరిగి వెళ్తే దగ్గరవుతుంది కదా. నీ 22,404లో శాన్ ఫ్రాన్సిస్కో దాటేసి ఇంటికి తిరిగొస్తున్నట్టు ఉంది. ఇంకోటి, డిగ్రీకి 111 కి.మీ. అనేది రేఖాంశాలకి భూమధ్యరేఖ దగ్గర మాత్రమే, పైకెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరికి వచ్చేస్తాయి, ఉత్తర ధ్రువం దగ్గర మొత్తం ఒకే చుక్కలో కలుస్తాయి. పుచ్చకాయ మీద గీతల్లాగ.

పద్మజ_టీచర్:
నేను సోషల్ చెప్తాను, ఎనిమిదో తరగతికి. ఈ ప్రశ్న ప్రతి ఏడాదీ వస్తుంది మా క్లాసులో, ఎందుకంటే సగం మంది పిల్లలకి అమెరికాలో ఎవరో ఒకరు ఉంటారు. గోడ మ్యాప్ పక్కన పెట్టేయండి సతీష్ గారూ, గ్లోబు తీసుకోండి. మా స్కూల్‌ది 30 సెం.మీ. అడ్డుకొలత ఉన్న గ్లోబు, దాని చుట్టుకొలత 94 సెం.మీ. పైచిలుకు, అంటే ఒక సెంటీమీటరుకి దాదాపు 425 కి.మీ. ఇప్పుడు దారం కావాలి. మొదటిసారి ఉలెన్ దారం పెట్టాం, లాగేకొద్దీ సాగిపోయి ఒక్కో పిల్లకి ఒక్కో కొలత వచ్చింది. తర్వాత గేటు దగ్గర మల్లెపూలు కట్టే ఆవిడ దగ్గర పూల దారం అడిగి తెచ్చాం, అది సాగదు. ఒక కొస హైదరాబాద్ మీద ఒకమ్మాయి బొటనవేలితో నొక్కి పట్టుకుంది, ఇంకో కొస శాన్ ఫ్రాన్సిస్కో మీద ఇంకొకమ్మాయి. బిగుతుగా లాగితే దారం దానంతట అదే జారి జారి పైకెళ్లి రష్యా మీదుగా అలాస్కా దగ్గర సెటిలైంది, పిల్లలు "టీచర్ దారం తప్పు పోతోంది" అని అరుపులు. తప్పు పోవడం కాదు, దగ్గర దారి వెతుక్కుంటోంది అన్నాను. స్కేలు మీద పెడితే 32 సెం.మీ. 425తో గుణిస్తే 13,600. కంప్యూటర్ చెప్పిన 13,540కి ఎంత దగ్గరో చూడండి, రెండు రూపాయల దారంతో.

కోనసీమ_కుర్రోడు:
మేడమ్ ఇది సూపర్ 👏 మా సోషల్ సార్ గ్లోబు బీరువాలో పెట్టి తాళం వేసేవారు, పిల్లలు పగలగొడతారని.

లెక్కల_రావు:
మేడమ్ గారి దారం పద్ధతినే లెక్కలో రాస్తే ఇదీ. ఆ బిగుతు దారం గీతనే గ్రేట్ సర్కిల్ అంటారు, తెలుగు పుస్తకాల్లో మహావృత్తం. రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశ రేఖాంశాలు కావాలి. శంషాబాద్: 17.2313 ఉత్తరం, 78.4298 తూర్పు. శాన్ ఫ్రాన్సిస్కో: 37.6188 ఉత్తరం, 122.375 పడమర. రేఖాంశాల తేడా 200.8, కొసైన్‌కి 200.8 అయినా 159.2 అయినా ఒకటే కాబట్టి భయం లేదు.
అక్షాంశాల సైన్‌లు రెండూ గుణించండి: 0.2962 ఇంటూ 0.6104 = 0.1808.
అక్షాంశాల కాస్‌లు రెండూ, దాంతో పాటు రేఖాంశ తేడా కాస్ కూడా గుణించండి: 0.9551 ఇంటూ 0.7921 ఇంటూ మైనస్ 0.9348 = మైనస్ 0.7072.
కలిపితే మైనస్ 0.5264. దీనికి ఇన్వర్స్ కాస్ తీస్తే 121.76 డిగ్రీలు. డిగ్రీకి 111.195 కి.మీ. చొప్పున 13,539. అంతే, ఇంటర్మీడియట్ ట్రిగనామెట్రీ. "ఇది జీవితంలో ఎక్కడ పనికొస్తుంది సార్" అని అడిగిన బ్యాచ్ మొత్తానికీ ఈ పోస్ట్ అంకితం.

బబ్లూ_99:
సార్ మీ ఫార్ములానే ఎక్సెల్‌లో పెట్టా, మొదట ఏదో చెత్త నంబర్ వచ్చింది, తర్వాత ఎక్సెల్‌కి డిగ్రీలు కాదు రేడియన్లు కావాలని గుర్తొచ్చి మార్చా, ఇప్పుడు 4,835 వస్తోంది. మీ ఫార్ములా తప్పు.

లెక్కల_రావు:
122.375కి ముందు మైనస్ పెట్టావా?

బబ్లూ_99:
...

లెక్కల_రావు:
పడమర అంటే మైనస్ నాన్నా. ప్లస్ పెడితే శాన్ ఫ్రాన్సిస్కో కాస్తా చైనాలో వైహై అనే ఊరి పక్కన సముద్రంలో పడుతుంది, నీ 4,835 అక్కడికే. లెక్క కరెక్టే, ఊరే వేరు.

బబ్లూ_99:
మైనస్ పెట్టా, 13,539. సారీ సార్ 🙏 సతీష్ అన్న తమ్ముడిని చైనా పంపించేశా.

మణి_హైటెక్‌సిటీ:
రావు గారు, చిన్న అభ్యంతరం. మీరు భూమిని పర్ఫెక్ట్ గోళం అనుకుని వ్యాసార్థం 6,371 తీసుకున్నారు. అసలు భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6,378.137, ధ్రువాల దగ్గర 6,356.752, అంటే పైన కింద నొక్కిన బత్తాయి లాగ. కొంతమంది కోడ్‌లో 6,371 బదులు 6,378 రాస్తారు, అప్పుడు ఇదే దూరం 13,554 అవుతుంది, 15 కి.మీ. తేడా. మా సాఫ్ట్‌వేర్ టీమ్‌లో ఒకసారి రెండు సర్వీసుల్లో రెండు వ్యాసార్థాలు ఉండి టెస్టులు ఫెయిలవుతుంటే, రెండ్రోజులు అందరం డేటాబేస్‌ని తిట్టాం. సీరియస్‌గా కావాలంటే జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 దీర్ఘగోళం (ఆ నొక్కిన బత్తాయి ఆకారమే) మీద చెయ్యాలి, దానికి 1975 నాటి విన్సెంటీ ఫార్ములా ఉంది.

లెక్కల_రావు:
ఒప్పుకుంటాను. గోళం లెక్కలో తప్పు మహా అయితే అర శాతం. సతీష్ గారి అమ్మగారికి అర శాతం పట్టింపు ఉండదని నా నమ్మకం. శంషాబాద్ రన్‌వేనే 4 కి.మీ. పైన ఉంటుంది, ఎయిర్‌పోర్టు అంటే ఒక చుక్క కాదు కదా, పుస్తకంలో రాసే అక్షాంశ రేఖాంశాలు ఆ స్థలంలో ఒక రిఫరెన్స్ పాయింట్‌వి మాత్రమే. అన్నట్టు మణి గారు, విన్సెంటీ కూడా ఒక చోట చేతులెత్తేస్తుంది తెలుసా?

మణి_హైటెక్‌సిటీ:
తెలుసు, భూమికి సరిగ్గా ఎదురు బొదురు ఉన్న చోట్ల. ఏ దిక్కు నుంచి వెళ్లినా దాదాపు ఒకటే దూరం కాబట్టి దానికి ఎటు పోవాలో తేలక తిరుగుతూనే ఉంటుంది. 2013లో కార్నీ అనే ఆయన ఇచ్చిన పద్ధతిలో ఆ బాధ లేదు, ఇప్పుడు చాలా సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు అదే వాడతాయి. మన దేశంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది, రాజస్థాన్‌లో జైసల్మేర్ ఎయిర్‌పోర్టు, చిలీ వాళ్ల ఈస్టర్ ద్వీపంలో ఉన్న మతవేరి ఎయిర్‌పోర్టు. జైసల్మేర్‌లో భూమికి నిలువునా కన్నం పెడితే ఈస్టర్ ద్వీపం పక్కనే తేలతాం, 40 కి.మీ. అటూ ఇటూ. ఆ రెంటి మధ్య దూరం దాదాపు 19,970 కి.మీ., ఇంతకంటే దూరం భూమ్మీద ఇక పెద్దగా దొరకదు.

పద్మజ_టీచర్:
అయ్యో ఇది నాకు తెలియదు! రేపే క్లాసులో చెప్తాను. ఇసుక ఎడారికి ఎదురు రాతి బొమ్మల దీవి.

ఆప్స్_శ్రీను:
ఇన్ని లెక్కలు చూసి ఆగలేక రాస్తున్నా. నేను ఎయిర్‌లైన్ ఆపరేషన్స్‌లో డిస్పాచర్‌గా చేశాను, ఫ్లైట్ ప్లాన్ వేసే పని. మీరంతా లెక్కేసింది దారం దూరం, మేం ఎగరేసేది వేరే దూరం. ఆ 13,540 గీత ఎటు పోతుందో చూశారా? నేపాల్, టిబెట్, షిన్‌జియాంగ్, సైబీరియా, ఆర్కిటిక్ ఒడ్డున 71 డిగ్రీలు దాటి అలాస్కా, అప్పుడు కిందికి. టిబెట్ మీద మామూలుగా ఎవరూ పోరు. విమానంలో ప్రెషర్ పోతే గబగబా 10 వేల అడుగులకి దిగాలి, ప్యాసింజర్ల మాస్కుల్లో ఆక్సిజన్ సాధారణంగా పావుగంటకి మించి రాదు, అక్కడేమో కింద నేలే 14, 15 వేల అడుగులు. ఎక్కడికి దిగుతావు?
ఇంక గాలి. ఇది ఎవరూ నమ్మరు కానీ దూరం ఎక్కువైతే టైమ్ తగ్గొచ్చు. 2016 అక్టోబర్‌లో ఎయిర్ ఇండియా ఢిల్లీ – శాన్ ఫ్రాన్సిస్కో ఫ్లైట్‌ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపుకి మార్చింది. అట్లాంటిక్ మీద 13,900 కి.మీ., పసిఫిక్ మీద 15,300. పద్నాలుగు వందల కి.మీ. ఎక్కువ, అయినా పద్నాలుగున్నర గంటల్లో దిగింది, పాత దారికన్నా దాదాపు రెండు గంటలు ముందే. ఎందుకంటే భూమి పడమటి నుంచి తూర్పుకి తిరిగే వైపే పైన గాలి కూడా కొడుతుంది, తూర్పుగా పోతే వెనకనుంచి తోస్తుంది, పడమరగా పోతే ఎదురు. గోదావరిలో పడవ వాళ్లకి చెప్పక్కర్లేదు ఇది.

కోనసీమ_కుర్రోడు:
అవునండి, వరద రోజుల్లో ఎదురెక్కాలంటే ఇంజిన్ పడవకే చుక్కలు కనపడతాయి. శ్రీను గారూ మరి ఢిల్లీ – శాన్ ఫ్రాన్సిస్కో అసలు దారం దూరం ఎంత?

ఆప్స్_శ్రీను:
12,400 దరిదాపుల్లో. అంటే రెండు రూట్లూ దానికన్నా బారెడు ఎక్కువే. ఇంక దేశాల గొడవలు. 2022 నుంచి అమెరికా విమానాలు రష్యా మీదుగా పోలేవు, 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి ఆకాశం మూసేసింది, అప్పుడు ఢిల్లీ నుంచి అమెరికా పోయే కొన్ని ఫ్లైట్లు వియన్నాలో ఆగి పెట్రోలు పోసుకుని వెళ్లాయి (పెట్రోలు కాదులెండి, ఏటీఎఫ్, అంటే విమాన ఇంధనం, అలవాటుగా అనేశా). దారం దూరం ఒక్క మీటరు మారలేదు, ఎగిరే దూరం వందల కిలోమీటర్లు మారింది. సతీష్ గారి తమ్ముడి స్క్రీన్ మీద కనపడింది ఆ ఎగిరే దూరమే, ఆ రోజు ప్లాన్ ప్రకారం మిగిలింది.

సరూర్‌నగర్_సతీష్:
ఓహ్ అందుకనా. అంటే దుబాయ్ – శాన్ ఫ్రాన్సిస్కో దారం దూరం తక్కువనే ఉంటదా?

లెక్కల_రావు:
గోళం లెక్కలో 13,020. హైదరాబాద్ – దుబాయ్ 2,547. రెండూ కలిపితే 15,567, అంటే దుబాయ్ మీదుగా పోయినందుకు రెండు వేల కి.మీ. అదనం. ఇందులో తమాషా ఏంటంటే దుబాయ్, శాన్ ఫ్రాన్సిస్కో రేఖాంశాలు దాదాపు ఎదురెదురు, 177.7 డిగ్రీల తేడా, అందుకని ఆ గీత ఉత్తర ధ్రువానికి 200 కి.మీ. దగ్గరగా పోతుంది. తమ్ముడిని అడగండి, మ్యాప్‌లో విమానం బొమ్మ నిటారుగా పైకి పోయి మళ్లీ నిటారుగా కిందికి వచ్చిందేమో.

సరూర్‌నగర్_సతీష్:
అడిగిన. వాడు దుబాయ్‌ల ఎక్కి పండుకున్నడంట, లేచేసరికి కెనడా.

బబ్లూ_99:
😂😂 సార్ ఒక డౌట్, విమానం 11 కి.మీ. పైన ఎగురుతుంది కదా, పైన సర్కిల్ పెద్దది అవుతుంది కదా, మరి ఆ ఎక్స్‌ట్రా లెక్కలోకి రాదా?

లెక్కల_రావు:
ఇది మంచి ప్రశ్న బబ్లూ, ఇందాకటి చైనా పాపం పోయింది. 121.76 డిగ్రీలు అంటే 2.125 రేడియన్లు, దాన్ని 11తో గుణిస్తే 23 కి.మీ. పదమూడు వేలలో ఇరవై మూడు. గాలికి పక్కకి తప్పుకునే దానిముందు ఇది ఏపాటి.

జర్మనీ_జ్యోతి:
మీరంతా సరదాకి లెక్కేస్తున్నారు గానీ నాకు ఈ దారం దూరం వల్ల 150 యూరోలు పోయాయి. యూరప్‌లో ఫ్లైట్ మూడు గంటలు పైన లేటైతే నష్టపరిహారం రూల్ ఉంది, 261/2004 అని, 1,500 కి.మీ. దాకా 250 యూరోలు, 3,500 దాకా 400, ఆ పైన 600 (కొన్నిట్లో సగం తగ్గిస్తారు). మాది హాంబర్గ్ నుంచి నేపుల్స్, మధ్యలో ఒక చోట మారాలి, మొదటిది లేటయ్యి రెండోది పోయి ఆ రాత్రి ఎయిర్‌పోర్టు బెంచీ మీదే పడుకున్నాం, పిల్లాడికి జ్వరం. నేను రెండు ముక్కల దూరం కలిపితే 1,500 దాటింది, 400 ఇవ్వమని రాశా. వాళ్లు 250 పంపించారు. నేనూ ఊరుకోలా, మెయిల్ మీద మెయిల్. చివరికి తెలిసిన లాయర్‌ని అడిగితే 2017లోనే యూరప్ కోర్టు తేల్చేసిందట, బోసెన్ కేసు అని, రోమ్ – హాంబర్గ్ వయా బ్రస్సెల్స్. మొదలు నుంచి చివరికి గ్రేట్ సర్కిల్ దూరమే లెక్క, మధ్యలో ఎంత తిప్పి తీసుకెళ్లినా సంబంధం లేదు. వాళ్లకి తిన్నగా 1,326, తిరిగింది 1,656, వచ్చింది 250. మాకు తిన్నగా 1,450 చిల్లర. నోరు మూసుకున్నా.

ఆప్స్_శ్రీను:
జ్యోతి గారూ, కోర్టు మాట ఒకరకంగా న్యాయమే, లేటు వల్ల మీకు జరిగిన ఇబ్బంది తిన్నగా పోయినా తిరిగి పోయినా ఒకటే అని. కానీ జ్వరం పిల్లాడితో బెంచీ మీద రాత్రి గడిపినోళ్లకి ఆ న్యాయం మింగుడు పడదు, నాకు తెలుసు.

జర్మనీ_జ్యోతి:
అదే మరి. బెంచీకి మధ్యమధ్యలో చేతులు పెట్టిన మహానుభావుడి మీద ఇంకా కోపం తగ్గలా.

మణి_హైటెక్‌సిటీ:
దూరం పిచ్చి ఉన్నోళ్లకి ఇంకోటి. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్ ఫ్రాన్సిస్కో – బెంగళూరు మొదటి ఫ్లైట్, కెప్టెన్ జోయా అగర్వాల్ ఆధ్వర్యంలో కాక్‌పిట్‌లో అందరూ ఆడవాళ్లే, ఉత్తర ధ్రువం మీదుగా వచ్చారు. ఆ రెండు ఊళ్ల మధ్య తిన్నగా 13,993 కి.మీ. అదే నెలలో హైదరాబాద్ – చికాగో డైరెక్ట్ కూడా మొదలెట్టారు, కొన్నాళ్లకి ఆపేశారు. అది తిన్నగా 13,280 దాకా.

సరూర్‌నగర్_సతీష్:
అందరికీ థాంక్స్. పొద్దున అమ్మకి చెప్పిన. మొదట దారం లెక్క చెప్పిన, ఇంట్ల గ్లోబు లేకపోతే చిన్నోడి ప్లాస్టిక్ బాల్ మీద పెన్నుతో రెండు చుక్కలు పెట్టి చూపించిన. 13,540 అంటే కాసేపు ఏం మాట్లాడలే. తర్వాత అడిగింది, "మరి పక్కింటి సరళమ్మ బిడ్డ డల్లాస్‌ల ఉంటది గదా, అది ఇంక దగ్గరనేనా?" అని. ఎందుకంటే సరళమ్మ ఎప్పుడూ, మా అమ్మాయి నడుమల ఉన్నది, మీ వాడేమో ఆ చివర్ల ఉన్నడు అంటదంట. రావు సార్, జర డల్లాస్ లెక్క కూడా వేసి పెట్టరా?

లెక్కల_రావు:
డల్లాస్ ఫోర్ట్‌వర్త్: 32.8998 ఉత్తరం, 97.0403 పడమర. రేఖాంశ తేడా 175.47. వచ్చింది 129.68 డిగ్రీలు, 14,420 కి.మీ. శాన్ ఫ్రాన్సిస్కో కన్నా 880 ఎక్కువ. గోడ మ్యాప్‌లో మధ్యలో ఉన్నట్టు కనపడుతుంది గానీ డల్లాస్ మనకి ఇంచుమించు భూమికి అవతలి వైపు, పైగా కిందికి ఉంది.

సరూర్‌నగర్_సతీష్:
చెప్పిన. అమ్మ బాల్ పట్టుకుని సరళమ్మ ఇంటికి పోయింది. ఇంకా రాలే.